పేరు చెప్పని ఆకు

మా అవ్వ చేయి పడితే మానని పుండు లేదని ధర్మవరంలో మా వీధి వీధంతా నమ్మేది. చాలా ఏళ్ళు నేనూ నమ్మాను. కాస్త బుద్ధి తెలిశాక గమనిస్తే అర్థమైంది, మానదని తోచిన పుండును ఆమె అసలు ముట్టుకునేదే కాదు. మానేవాటినే ఏరి పట్టుకుంటే పేరు రాకేం చేస్తుంది? అలాగని ఆమెకు ఏమీ తెలియదని అనను. బాగా తెలుసు. కానీ తెలిసినదాన్ని ఇంట్లో ఇంకొకరికి దక్కనివ్వకుండా చూసుకోవడంలో ఆమెకున్న సంతోషం, ఒకరి కాలు బాగుపడితే కలిగే సంతోషం కన్నా పెద్దది. నా కోపం అక్కడ.

మాది పట్టుచీరలు నేసే ఇల్లు. ముందు గదిలో గుంత మగ్గం. నాయన తెల్లవారి గుంతలో కాళ్ళు వేలాడేసి కూర్చుంటే, అన్నానికి తప్ప పైకి రాడు. వీధిలో మగవాళ్ళందరిదీ అదే బతుకు కనుక అందరి కాళ్ళకూ అదే జబ్బు. పిక్కల మీద నరాలు ఉబ్బుతాయి, చీలమండ దగ్గర తోలు నల్లబడి గట్టిపడుతుంది, ఒకరోజు దురద పెట్టి గోకుతారు, అంతే, పుండు పడుతుంది. ఇక అది నెలల తరబడి ఉంటుంది. రసి కారుతూ, ఈగలు ముసురుతూ, మగ్గం తొక్కిన ప్రతిసారీ పగులుతూ ఉంటుంది. ఆస్పత్రికి పోయి పోయి విసిగినవాళ్ళు, ఆస్పత్రి గడపే తొక్కనివాళ్ళు పొద్దున్నే మా వాకిట్లో బారుగా కూర్చునేవాళ్ళు.

అవ్వ వైద్యం చూడ్డానికి చాలా మామూలుగా ఉండేది. తుమ్మచెక్క వేసి మరగబెట్టిన నీళ్ళు చల్లార్చి పుండు కడుగుతుంది. ఏదో ఆకును పసుపు వేసి మెత్తగా నూరి పట్టిస్తుంది. పైన ఆముదం ఆకు కప్పి పాత నూలుగుడ్డ కడుతుంది. వంకాయ, గోంగూర తినొద్దంటుంది. దీనికి రెండు కట్టుబాట్లు పెట్టుకుంది. మొదటిది, పుండున్న మనిషి తన నోటితో తానే అడగాలి. అడగకుండా చేయి పెడితే ఆ జబ్బు వైద్యం చేసిన చేతికి ఎక్కుతుందట. ఒకసారి జ్వరంతో నోరు పెగలని మనిషిని భార్య భుజాన వేసుకొచ్చి ఆయన బదులు తాను బతిమాలింది. అవ్వ వక్కాకు నములుతూ వినింది, వినలేదన్నట్టు పక్క మనిషి కాలు అందుకుంది. ఆ ఆడమనిషి మా వాకిట్లోనే ఏడ్చింది. మా అవ్వ అటు తిరిగి కూడా చూడలేదు.

రెండోది, ఆకు పేరు ఎవరికీ చెప్పకూడదు. పేరు పైకి అంటే మందు చచ్చిపోతుందట. అందుకని ఆకుకోసం ప్రత్యేకంగా పెనుకొండ పోయేది. పొద్దున ప్యాసింజరెక్కి, పెనుకొండలో దిగి, చెప్పులు విడిచి కొండెక్కేది. ఆకు కోసేటప్పుడు కాళ్ళకు చెప్పులు ఉండకూడదు, మాట్లాడకూడదు, వెనక ఎవరూ రాకూడదు. మధ్యాహ్నానికి గోనెసంచి నిండా ఏవేవో ఆకులతో దిగేది. మా అమ్మ స్టేషనుకు పోయి ఆ సంచి నెత్తిన పెట్టుకుని ఇంటికి మోసేది. మోయడం వరకే అమ్మ పని. నూరేటప్పుడు అవ్వ తలుపు వేసుకునేది.

అమ్మ ఈ ఇంటికి కోడలుగా వచ్చి నా వయసుకన్నా ఎక్కువే అయింది. అవ్వ మాత్రం ఎప్పుడూ "పరాయింటి పిల్ల" అనే అనేది. తన చేతి గుణం పోయేముందు ఎవరికో ఒకరికి ఇస్తానని, ఎవరికిచ్చినా దీనికి మాత్రం ఇవ్వనని, అమ్మ వింటుండగా వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. అమ్మ తల వంచుకుని మగ్గానికి పట్టు కండెలు చుట్టుకునేది.

నేను స్కూలుకు పోయే రోజుల్లో ఒకసారి మరిగే గంజి అమ్మ మోచేతి మీద పడింది. బొబ్బలు చితికి, చీము పట్టి, చేయి మడవడానికి లేకుండా అయింది. అవ్వ ఆ చేతి పక్కనుంచే వస్తూ పోతూ ఉండేది, చూసేది, ఏమీ అనేది కాదు. అడగాలి కదా. చివరికి అమ్మ ఒక పొద్దున వాకిట్లో కూర్చున్నవాళ్ళ వెనక తానూ కూర్చుంది. తన వంతు వచ్చినప్పుడు గొణిగినట్టు అడిగింది. అవ్వ చేయి చెవి దగ్గర పెట్టుకుంది.

"గట్టిగా చెప్పు మే. ఈళ్ళందరికీ వినపడాల."

అమ్మ గట్టిగా అడిగింది. వాకిట్లో ఒకరిద్దరు నవ్వారు. అవ్వ మందు వేసింది, చేయి మానింది, అది నిజం. దాని మచ్చ ఇప్పటికీ అమ్మ మోచేతి మీద ముడత పడిన కాగితంలా ఉంది. దాన్ని చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

అవ్వకు సుగరుందని చాలా ఏళ్ళ కిందటే తేలింది. మాత్రలు ఇచ్చారు. ఇష్టమైతే వేసుకునేది, లేకుంటే లేదు. కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని అనేది, అంతకుమించి పట్టించుకోలేదు. ఆ ఏడు ఎండాకాలం చివర్లో పెనుకొండ కొండ మీద ఆమె మడమలో కంపముల్లు దిగింది. దిగిన సంగతి ఆమెకు తెలియలేదు. ఆ ముల్లుతోనే దిగింది, రైలెక్కింది, ఇంటికొచ్చింది, వాకిట్లో జనానికి మందు వేసింది. వారం గడిచాక ఇంట్లో వాసన వచ్చింది. ఎలుకేదో చచ్చిందని నాయన మగ్గం గుంతంతా వెతికాడు. అది అవ్వ మడమ.

నేను హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేస్తాను. వారమంతా అక్కడే హాస్టల్లో ఉండి, శనివారం సాయంత్రం ఇంటికొస్తాను. సంగతి తెలిసిన వెంటనే అవ్వను హిందూపురం తీసుకుపోయి డాక్టరుకు చూపించాను. ఆయన ముల్లు ముక్క తీశాడు, చుట్టూ చెడిపోయిన తోలు కోసి కట్టు కట్టాడు. రోజూ కడిగి కట్టు మార్చాలి, సుగరు మాత్రలు తప్పకూడదు, అశ్రద్ధ చేస్తే కాలు దక్కదు అని కన్నడం కలిసిన తెలుగులో మా ఇద్దరికీ విడివిడిగా చెప్పాడు. అవ్వ బుద్ధిగా తలూపింది. ఇంటికి రాగానే కట్టు విప్పి కాలువలో పారేసింది. ఊరందరి పుండ్లు మాన్పినదాన్ని, నా పుండుకు ఇంకొకడి గుడ్డ కట్టుకోవాలా అంది.

సరే, నీ మందే వేసుకో, ఏ ఆకో చెప్పు, తెచ్చిస్తా అన్నాను. చెప్పలేదు. ఫోన్లో పుండ్లకు వాడే ఆకుల వీడియోలు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి చూపించి, వీటిలో ఉందా అని అడిగాను. ఫోన్లో ఆకుకు వాసన యాడుంటాది అని మొహం తిప్పుకుంది. చివరికి పెనుకొండ పొమ్మంది. రెండో మలుపు దాటాక నీళ్ళు జారే బండ ఉంటుందట, దాని నీడన రెండు వేళ్ళ వెడల్పు ఆకు ఉంటుందట, చెప్పులు విడిచి కోయాలట. ఆదివారం పూట ఎండలో, అదే కంపముళ్ళ మధ్య, చేతిలో చెప్పులు పట్టుకుని కొండంతా తిరిగాను. నీళ్ళు జారే బండ ఒక్కటీ కనపడలేదు. రెండు వేళ్ళ వెడల్పున్న ఆకు కనపడినప్పుడల్లా కోసి సంచి నింపాను. అవ్వ మంచం మీద కూర్చుని ఒక్కో గుప్పెడు తీసి, వాసన చూసి, కింద పడేసింది. కళ్ళలో ఎక్కడా నిరాశ లేదు. నాకు ఆ చూపు విచిత్రంగా తోచింది.

వంటింట్లోకి పోయి సంచి విసిరేశాను. ఏడుపు ఆగలేదు, కోపంతో వచ్చిన ఏడుపు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి తిరక్కుండానే అంది.

"కొండలో యాడ దొరుకుతాది పాపా? అది మన బాత్రూం గోడ పక్కన ఉండాది. రోజూ తొక్కుతాండావు."

అమ్మ పెరట్లోకి పోయి ఒక మొక్క పీక్కొచ్చి నా చేతిలో పెట్టింది. పేరు నేను చెప్పేస్తాను, మందు చస్తే చావనీ. గడ్డిచామంతి. గాయపాకు అని కూడా అంటారు. గరుకు ఆకు, సన్నటి పొడుగు కాడ చివర పసుపు బొట్టు, దాని చుట్టూ తెల్ల రేకులు. రైలు పట్టాల పక్కన, గోడల కింద, మురిక్కాలువ గట్టు మీద ఎక్కడ చూసినా ఉండే కలుపు మొక్క. గోనెసంచిలో వచ్చే మిగతా ఆకులన్నీ దీన్ని కప్పిపెట్టడానికే. ఇన్నేళ్ళూ కొండెక్కింది వేషానికి. ఆ వేషంకోసం చెప్పుల్లేకుండా తిరిగి కాలికి ముల్లు తెచ్చుకుంది. ఇప్పుడు కాలు కుళ్ళుతున్నా నాకు నిజం చెప్పలేక, నన్నూ ఆ కొండ మీదికే తోలింది.

నీకెలా తెలుసని అమ్మను అడిగాను. నూరిన బండ ఇన్నేళ్ళూ కడిగింది ఎవరని అమ్మ ఎదురడిగింది. పిప్పి అవ్వే తీసి పారేసేది కానీ బండ కడగడం కోడలి పని. పట్టు నేసే ఇంట్లో చేతికి మరకుంటే పడుగు ముట్టనివ్వరు. బండ కడిగిన రోజు అమ్మ చేతులు పచ్చగా అయ్యి, మధ్యాహ్నానికి గోధుమరంగుకు తిరిగేవి. ఆ చేతులతో పట్టు ముట్టొద్దని అవ్వే కసిరేది. చింతపండుతో తోముకుని తోముకుని, ఏ మరక ఏ ఆకుదో అమ్మకు వచ్చేసింది. పెరట్లో ఒక్కో మొక్కా పీకి వేలికి రుద్దుకుని, మధ్యాహ్నందాకా ఆగి రంగు సరిచూసుకుందట. నేను పుట్టకముందే తేలిపోయిందట. ఇంతకాలం నోరు మెదపలేదు.

"అయితే నువ్వే వేయొచ్చు కదమా" అన్నాను.

"అడగమను."

"అమా, కాలు పోతాది."

"అడగనిదే చేయి పెట్టకూడదు. ఆమె పెట్టిన రూలే కదా. నోరుండాది కదా, అడగమను."

ఈ మాట తీసుకుని ముందు గదికి పోయాను. అమ్మకు తెలుసు, అమ్మను అడుగు అవ్వా అన్నాను. అవ్వ నా మొహంలోకి చాలాసేపు చూసింది. దానికేం తెలుసు, చేతులకు మరక చేసుకోవడం తప్ప అంది. తెలుసు అవ్వా, నాకు మొక్క చూపించింది అన్నాను. ఆమె గోడవైపు తిరిగింది.

"దాన్ని అడిగేది ఉంటే కాలు పోనీలే పాపా. కాలే కదా."

నాయనతో చెప్పాను. ఆయన మగ్గం ఆపలేదు. మీ ఆడోళ్ళ పంచాయితీలోకి నన్ను లాగొద్దన్నాడు. తల్లి కాలు పంచాయితీ ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. వారమంతా ఇంట్లో ఉండే మగవాడు ఆయనే, తల్లిని ఎత్తుకుని ఆటోలో కూర్చోబెట్టగల చేతులు ఆయనవే. ఆ చేతులు మగ్గంలో నాడె విసరడం తప్ప ఇంకేమీ చేయలేదు. నేను పుండు కడగబోతే అవ్వ కాలు వెనక్కి లాక్కునేది. నీకు రాదనేది. ఆదివారం ఎలాగోలా బతిమాలి కడిగి, సోమవారం పొద్దున రైలెక్కేదాన్ని. హిందూపురంలో మిషన్ల మధ్య తిరుగుతున్నా ఆ వాసన ముక్కులోనే ఉండేది.

అవ్వ ఊరికే కూర్చోలేదని తర్వాత తెలిసింది. బాత్రూంకు పోతానని చెప్పి, గోడ పట్టుకుని, మడమ ఆనకుండా ఈడ్చుకుంటూ పెరట్లోకి పోయేది. ఎవరూ చూడకుండా గుప్పెడు ఆకు తుంచి కొంగులో దాచుకుని, మంచం మీద దుప్పటి కింద నలిపి పుండుకు పెట్టుకునేది. చూపు సరిగ్గా ఆనక పసరు సగం దుప్పటికే పోయేది. అయినా ఒక ఆదివారం నేను కడిగినప్పుడు అంచుల్లో ఎర్రటి కొత్త కండ కనపడింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో పోయి అమ్మకు చెప్పాను. అమ్మ ఊఁ కొట్టింది.

తర్వాతి వారం వచ్చేసరికి పెరడు అద్దంలా ఉంది. ఒక్క మొక్క లేదు. మట్టి చదును చేసి, పేడతో అలికి, ముగ్గు కూడా వేసింది అమ్మ. బాత్రూం మెట్టు మీద అవ్వ కూర్చుని ఉంది. చేత్తో గోడ కిందంతా తడుముతోంది. అమ్మ తలుపు దగ్గర చీపురు పట్టుకుని నిలబడింది.

"ఏం ఎతుకుతాండావు అత్తా?"

అవ్వ చేయి వెనక్కి తీసుకుంది. "ఏం లే. గాలికి కూచున్యా."

"పాములు తిరుగుతాండాయని నేనే పీకేసినా. మున్సిపాల్టీ బండికి ఏసేసినా అంతా. నీకేమన్నా కావాల్సింటే చెప్పింటే ఉంచుతాంటి కదా."

పేరు చెబితే తప్ప పోయిందేమిటో అవ్వ చెప్పే వీల్లేదు. చెబితే ఓడిపోయినట్టు. అవ్వ ఏమీ కావల్లేదంది. గోడ పట్టుకుని లేచి, అలికిన నేల మీద రక్తం చార పడేలా కాలీడ్చుకుంటూ లోపలికి పోయింది. అమ్మ ఒక గుడ్డ తెచ్చి ఆ చార తుడిచింది. మా అమ్మ మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. ఆ ముసలామె మీదా అంతే కలిగింది.

వెంటనే స్టేషను వైపు పోయాను. పట్టాల పక్కన కావలసినంత ఉంది. ఒడినిండా కోసుకొచ్చి, నేనే నూరి, గిన్నెలో తెచ్చి అవ్వ ముందు పెట్టాను. ఆమె వంగి వాసన చూసింది. ముక్కుపుటాలు అదిరాయి. ఆ వాసన ఆమెకు తన చేతుల వాసన, పొరబడే ప్రశ్నే లేదు. చేయి గిన్నె దాకా వచ్చింది.

"ఎవురు చెప్పినారు నీకు?"

"అమ్మ."

చేయి వెనక్కి పోయింది. "ఇది కాదు" అంది.

ఇదే అవ్వా అన్నాను. కాదంది. నేను ఏడ్చి, అరిచి, బలవంతంగా కాలు పట్టుకుని పట్టించాను. నేను సోమవారం రైలెక్కేసరికి అది తుడిచి పడేసిందని నాయన ఫోన్లో చెప్పాడు.

ఆ తర్వాత అమ్మ ఇంకో పని చేసింది. పుండ్లవాళ్ళు అవ్వ మంచాన పడిందని తెలియక ఇంకా వస్తుండేవాళ్ళు. వెనక్కి తిరిగిపోయేవాళ్ళు. ఒక పొద్దున చీలమండ పుండుతో వచ్చిన నేతగాడిని అమ్మ కూర్చోమంది. నన్ను అడుగన్నా, నేను చూస్తా అంది. ఆయన బిత్తరపోయి, మంచం మీద అవ్వను ఒకసారి చూసి, అడిగాడు. అమ్మ తుమ్మచెక్క నీళ్ళు తెచ్చింది. తలుపు వేసుకోలేదు. అవ్వ మంచానికి ఎదురుగా బండ పెట్టుకుని, అందరి ముందూ గడ్డిచామంతి నూరింది. వాసన గదంతా నిండింది. అవ్వ కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. అమ్మ గుప్పెట్లోంచి పసుపు వేస్తుంటే ఆ మూసిన కళ్ళతోనే అంది.

"పసుపు ఎక్కువాయె."

అమ్మ నూరడం ఆపింది. "అయితే ఆకు సరిపోయిందా అత్తా?"

నేతగాడు కిసుక్కున నవ్వాడు. ఆయన పుండు దసరాకు ముందే మానింది. వీధిలో మాట పాకింది. వాకిట్లో మళ్ళీ జనం కూర్చోసాగారు, ఈసారి అమ్మ ముందు. అవ్వ మంచం వాళ్ళకు అడ్డమని గోడ వారకు జరిపారు.

దసరాకు నేను సెలవు పెట్టి వచ్చాను. అవ్వకు చలిజ్వరం. కాలు మోకాలి కింద దాకా వాచింది, వేళ్ళు రెండు నల్లగా తిరిగాయి. ఆటో పిలుస్తానని నేను లేచాను. అవ్వ నా చేయి పట్టుకుని ఆపింది. వాకిట్లో జనం ఉన్నారు, అమ్మ ఎవరిదో గుడ్డ విప్పుతోంది. అవ్వ తల పైకెత్తింది. గొంతు సన్నగా వచ్చింది.

"మే... నా కాలు చూడు."

అందరూ ఇటు తిరిగారు. అమ్మ లేచి రాలేదు. చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని, నెమ్మదిగా, కోపమేమీ లేకుండా అంది.

"గట్టిగా చెప్పు అత్తా. ఈళ్ళందరికీ వినపడాల."

అప్పుడు నేను అమ్మను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అవ్వ నన్ను ఊరుకోమని సైగ చేసింది. మోచేతుల మీద లేచి, ఉన్న బలమంతా కూడదీసుకుని గట్టిగా అడిగింది. వాకిట్లో ఈసారి ఎవరూ నవ్వలేదు. అమ్మ చేతులు కడుక్కుని వచ్చి మంచం పక్కన కూర్చుంది. గుడ్డ విప్పింది. చాలా జాగ్రత్తగా, ఎక్కడా నొప్పి పుట్టకుండా కాలు అటూ ఇటూ తిప్పి చూసింది. వేలితో నొక్కింది. మళ్ళీ గుడ్డ కప్పేసింది.

"ఇది ఆకుతో అయ్యేది కాదు. హిందూపురం తీసుకపోండి" అని, తన జనం దగ్గరికి పోయి కూర్చుంది.

హిందూపురంలో మోకాలి కిందికి కాలు తీసేశారు. డాక్టరు నా మీద కేకలేశాడు, ఇన్ని వారాలు ఏం చేస్తున్నారని. ఆకు వేసి ఉంటే మానేదా అని నేను అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను. ఆకు సంగతి తనకు తెలియదన్నాడు. రోజూ ఎవరైనా శుభ్రంగా కడిగి, మాత్రలు దగ్గరుండి మింగించి ఉంటే కాలు ఉండేదేమో అన్నాడు. దానికి పెద్ద వైద్యం అక్కర్లేదు, ఇంట్లో ఒక మనిషి ఉంటే చాలు అన్నాడు. నాయన వరండాలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు. అమ్మ మంచినీళ్ళ బాటిల్ ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంది.

"నువ్వు మొదటిరోజే కడిగింటే ఉండేదంట" అన్నాను.

"ఉండేది" అంది అమ్మ. "ఆమె మొదటిరోజే అడిగింటే కూడా ఉండేది" అంది.

ఇంటికొచ్చాక అమ్మ అవ్వను చూసుకున్న తీరుకు ఎవరూ వంక పెట్టలేరు. కుట్ల మూలన కొంచెం విడిపోయి పచ్చిపుండు మిగిలింది. డాక్టరు చెప్పిన ఉప్పునీళ్ళతో రోజూ కడిగేది, ఆయన రాసిన మందు వేసి కట్టు కట్టేది. ఆయన ఇక చాలన్నాక ఆకు పసరు మొదలుపెట్టింది. మాత్రలు వేళకు నోట్లో వేసి, మింగిందో లేదో నోరు తెరిపించి చూసేది. ఇప్పుడు అడగమని అనేది కాదు. మాట్లాడేదీ కాదు. వాకిట్లోకి వచ్చిన ఆడవాళ్ళు చూసి ముక్కున వేలేసుకునేవాళ్ళు. అత్త పుండు ఇట్ల కడిగే కోడలు ఈ కాలంలో ఎవరుండారు, ఎంత పుణ్యం చేసుకున్నావో అవ్వా అనేవాళ్ళు. అమ్మ తలొంచుకునేది. అవ్వ పైకప్పు చూస్తూ వినేది.

అవ్వతో ఇప్పుడు ఎవరూ మాట్లాడరు. పుండ్లవాళ్ళు అమ్మ కోసం వస్తారు, అమ్మతో మాట్లాడి పోతారు. నాయన మగ్గం శబ్దం వెనక దాక్కుంటాడు. ఒక ఆదివారం నేను ఆమెకు తల దువ్వుతున్నాను. పుండు చాలావరకు పూడింది, ఇంక కొంచెమే అవ్వా, తొందర్లో మానిపోతుంది అన్నాను, ధైర్యం చెబుదామని.

"మానకుండా ఉంటే బాగుండు పాపా" అంది.

పిచ్చి పట్టిందా అన్నాను. ఆమె గొంతు బాగా తగ్గించింది, వంటింట్లోకి వినపడకుండా.

"పొద్దున పూట ఆ కొంచెంసేపన్నా నా పక్కన కూచుంటాది. మానిపోతే ఇంకెందుకొస్తాది?"

జీవితంలో మొదటిసారి ఆ ముసలామె కోసం నాకు గుండె చెరువైంది. లేచి నేరుగా పెరట్లోకి పోయాను. గోడ పక్కన మళ్ళీ గడ్డిచామంతి మొలిచింది, అమ్మ ఇప్పుడు దాన్ని నీళ్ళు పోసి పెంచుతోంది. కూర్చుని ఆకు తుంచుతోంది. అవ్వ అన్న మాట అన్నట్టుగా చెప్పాను. వింటే మనసు కరుగుతుందని, పోయి ఆ మంచం మీద ఒక్కసారి కూర్చుంటుందని అనుకున్నాను. అమ్మ చేతులు ఆగాయి. ఒడిలో ఆకులు చూసుకుంది. ఇంకో రెండు కొమ్మలు లేతవి చూసి తుంచి వేసుకుంది.

"మానిపిస్తా" అంది. "ఈ నెల్లోనే మానిపిస్తా."

మానిపించింది. ఆ రోజునుంచి పొద్దునకు తోడు సాయంత్రం కూడా కడిగింది, ఒక్క పూట తప్పలేదు. నేను ఎన్నో పుండ్లు చూశాను కానీ అంత శుభ్రంగా, మచ్చ కూడా సరిగ్గా తెలియకుండా పూడిన పుండు ఇంకోటి చూడలేదు. చివరి పొద్దున అమ్మ కట్టుగుడ్డ విప్పి, వేలితో నిమిరి చూసి, ఇంక అక్కర్లేదంది. గుడ్డలు ఉతికి ఆరేసి, మగ్గం దగ్గరికి పోయి కండెలు చుట్టడానికి కూర్చుంది. మధ్యాహ్నం అవ్వకు అన్నం నాయన చేత పంపించింది.